గీతకూ గీతకూ నడుమ: కుంచె పట్టిన రోబో చేయి, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పారిశ్రామిక రోబో చేతులకు పని నేర్పడం నా వృత్తి. వెల్డింగ్, పెట్టెలు పేర్చడం, విడిభాగాల మీద జిగురు పూయడం వంటి పనులకు ఆరు జాయింట్ల చేతులను అమర్చి, ప్రోగ్రామ్ రాసి, అప్పగించి వచ్చేస్తుంటాను. వీటిలో జిగురు పూసే పనిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కేసులో నన్ను తప్పుదారి పట్టించింది ఆ అనుభవమే. జిగురు గీత మొదలు నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉండాలి. మలుపు దగ్గర చేయి నెమ్మదిస్తే జిగురు ధారను కూడా అంతే తగ్గించాలి, లేకపోతే అక్కడ ముద్ద కడుతుంది. గీతలో తేడా కనిపించిందంటే లోపం ఉన్నట్టే. పదిహేనేళ్లుగా ఈ సూత్రం మీద బతికినవాణ్ణి కాబట్టి, కుంచెతో సిరా గీతలు గీసే చేయి కావాలని ఒకరు వచ్చి అడిగినప్పుడు, సిరా అంటే పలచటి జిగురే కదా అనుకున్నాను.

అడిగినవారు దాదాపు నలభై ఏళ్లుగా కుంచె, నల్ల సిరాతో బొమ్మలు వేస్తున్న చిత్రకారిణి. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆవిడను గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసేశాను, కొన్నింటిని మార్చాను. కుడి మణికట్టులో నరం దెబ్బతిన్నాక ఆవిడ వేళ్లలో సన్నటి కదలికల మీద పట్టు పోయింది. భుజం బాగుంది, కన్ను బాగుంది, ఎడమ చేయి మామూలు పనులకు సరిపోతుంది. కుంచె మాత్రం రోజుకు పది పదిహేను నిమిషాలకు మించి పట్టలేరు, ఆ కాస్త సమయంలో కూడా చివరి నిమిషాల్లో చేయి వణకడం మొదలవుతుంది. అప్పటికే మనసులో రూపుదిద్దుకున్న పన్నెండు పెద్ద షీట్ల వరుస ఒకటి ఆగిపోయి ఉంది. ఒక్కో షీటు మీటరు వెడల్పు ఉంటుంది, సిరాను వెంటనే పీల్చేసుకునే రకం కాగితం.

వచ్చిన సమస్య, నేను అర్థం చేసుకున్న సమస్య

మొదటి సమావేశంలో ఆవిడ అన్న మాట నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది: "నా చేయి చేసే పని ఇది చేస్తే చాలండీ." దాని కిందే, అదే రోజు, నేను రాసుకున్న లక్ష్యం ఉంది: నమోదు చేసిన కుంచె మార్గాన్ని అర మిల్లీమీటరు తేడా లోపల తిరిగి గీయాలి. ఆ రెండు వాక్యాలూ ఒకటేనని నాకు ఆ రోజు ఏ అనుమానమూ లేకుండా అనిపించింది. ఆవిడ 'పని' అన్నారు, నేను 'మార్గం' అని రాసుకున్నాను. తర్వాతి ఐదు నెలల్లో జరిగిన పొరపాట్లలో చాలా వాటికి మూలం ఆ పేజీలోనే ఉంది.

నా అంచనా పూర్తిగా గాలిలో మేడ కూడా కాదు. ఈ తరగతి రోబో చేయి ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడంలో చూపే తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ. మనిషి చేయి ఆ నిలకడకు దరిదాపుల్లో కూడా ఉండదు. యంత్రం చేత బొమ్మ వేయించడమూ కొత్త విషయం కాదు. 1768, 1774 మధ్య జాకే-ద్రో కుటుంబం స్విట్జర్లండ్‌లో తయారు చేసిన చిత్రకారుడి రూపంలోని యంత్రపు బొమ్మ, క్యామ్‌ల (లోపల తిరిగే లోహపు చక్రాల) మీద చెక్కిన ఎత్తుపల్లాలను అనుసరిస్తూ పెన్సిల్‌తో నాలుగు చిత్రాలు గీస్తుంది. అది ఇప్పటికీ పని చేసే స్థితిలో నూషాటెల్‌లోని మ్యూజియంలో ఉంది. శిల్పి జాన్ టింగ్లీ 1959లో చేసిన మెటా-మాటిక్ యంత్రాలు నైరూప్య చిత్రాలు గీసేవి. చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ 1970ల మొదట్లో, సొంతంగా బొమ్మలు గీసే ఆరన్ అనే ప్రోగ్రామ్ మీద పని మొదలుపెట్టి, 2016లో మరణించేదాకా దాన్ని వదల్లేదు. ఆరన్ ఆదేశాలతో తాబేలులాంటి చిన్న రోబో ఒకటి నేల మీద పరచిన కాగితం మీద తిరుగుతూ గీసేది. వీటి గురించి చదివి ధైర్యం తెచ్చుకున్నాను. వాటిలో ఒకదాని దగ్గర నేను గమనించవలసిన విషయాన్ని గమనించకుండా దాటిపోయానని చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదటి ప్రయత్నం: నమోదు చేసి, తిరిగి గీయించడం

కుంచె కాడకు చిన్న మార్కర్లు అంటించి, చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పెట్టి, సెకనుకు 120 ఫ్రేముల చొప్పున ఆవిడ గీతలను నమోదు చేశాం. రోజుకు పది నిమిషాలు మించకుండా మూడు వారాలు పట్టింది. ఆ సమాచారంలోంచి కుంచె మొన ఎక్కడెక్కడికి వెళ్లిందో లెక్కగట్టి, సన్నటి అదురును ఫిల్టర్‌తో తీసేసి, మార్గాన్ని చేతికి ఇచ్చాను. అదురును తీసేయాలన్న నిర్ణయానికి నా దగ్గర రెండు కారణాలు ఉన్నాయి: అందులో కొంత కెమెరా కొలతలోని గోల, అంటే అసలు కదలికతో సంబంధం లేని చిన్న తేడాలు, కొంత ఆవిడ చేతికొచ్చిన వణుకు. ఏది ఎంతో విడదీయడం సాధ్యం కాదు కాబట్టి రెండింటినీ ఒకే దెబ్బతో తీసేశాను.

ఫలితాన్ని అసలు గీత మీద పరచి చూస్తే తేడా అర మిల్లీమీటరు దాటలేదు. ఇంత తొందరగా లక్ష్యం అందినందుకు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆవిడ షీటును వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసి, "గీత వచ్చింది. గీసినట్టు లేదు," అన్నారు. తర్వాత ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ మాత్రం మీ యంత్రం ఏదో ఆలోచించినట్టుంది," అన్నారు.

వేలు పెట్టిన చోట పెసరగింజంత సిరా మచ్చ ఉంది. మరో నాలుగు షీట్లు తీసి చూస్తే, ప్రతి దాంట్లోనూ దాదాపు అదే చోట అదే మచ్చ. దాని కారణం నా రంగంలో అందరికీ తెలిసినదే. చేతి చివరి మూడు జాయింట్లలో రెండు ఒకే వరుసలోకి వచ్చినప్పుడు చిన్న కదలికకు కూడా జాయింట్లు విపరీతమైన వేగంతో తిరగవలసి వస్తుంది. దీన్ని సింగ్యులారిటీ అంటాం. చేతిని నడిపే కంట్రోలర్ ఆ పరిస్థితిని ముందే పసిగట్టి వేగం తగ్గించేస్తుంది. కుంచె నెమ్మదిస్తే కాగితం సిరాను ఎక్కువ పీల్చుకుంటుంది. బల్లను పన్నెండు డిగ్రీలు వాల్చి, కుంచె పట్టుకునే కోణం మార్చాక మచ్చ పోయింది. నా పాత పాఠంలోని జిగురు ముద్దే ఇది, అందుకే అరగంటలో పట్టుకోగలిగాను. 'గీసినట్టు లేదు' అన్న మాటకు మాత్రం నా పాత పాఠాల్లో సమాధానం లేదు.

కొన్ని రోజులు కారణాన్ని మార్గంలోనే వెతికాను. ఫిల్టర్‌ను సడలించాను, వేగంలోని ఎగుడుదిగుళ్లను తిరిగి తెచ్చాను. కొంత మెరుగైంది కానీ చాలలేదు. చివరికి అనుమానం కుంచె మీదకు మళ్లింది. జిగురు పూసే నాజిల్ గట్టిది, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కుంచె అలా కాదు. సిరాలో ముంచి తీసిన మరుక్షణం దాని వెంట్రుకలన్నీ ఒక్క మొనగా కలిసి ఉంటాయి. నాలుగు గీతలు గీసేసరికి పొట్ట తగ్గి, మొన చీలి, ఒక పక్కకు ఒరుగుతుంది. ఆవిడ ఒక మలుపు దగ్గర చేతిని కాస్త పైకెత్తారంటే, ఆ క్షణాన కుంచెలో ఉన్న తడికి అది సరైన ఎత్తు అని అర్థం. అదే ఎత్తును తడి వేరుగా ఉన్న కుంచెతో తిరిగి చేయిస్తే అది మరో గీత అవుతుంది. మేము నమోదు చేసినవి జవాబులు మాత్రమే, వాటి ప్రశ్నలు మా ఫైల్లో లేవు.

రెండో ప్రయత్నం: ఇది చెప్పడానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది

గీత మరీ శుభ్రంగా ఉండడమే లోపమేమోనని, మార్గానికి కొద్దిపాటి యాదృచ్ఛికతను కలిపాను. యంత్రం గీసిన గీతలకు మానవత్వం తేవడానికి చాలామంది చేసే పని ఇది, స్క్రీన్ మీద చూడడానికి బాగానే ఉంటుంది. మిల్లీమీటరులో కొన్ని వంతుల అదురు, సెకనుకు ఐదారు సార్లు.

ఆవిడ మొదటి గీత సగంలోనే చేయి ఎత్తి ఆపమన్నారు. "ఇది ఇప్పుడు నా చేయి చేస్తున్న పనే. దీన్నుంచి తప్పించుకోవడానికే కదా మీ దగ్గరికి వచ్చాను," అన్నారు. నేను మానవత్వం అనుకుని కలిపినది ఆవిడకు జబ్బు లక్షణం. ఆ ఫైలును అప్పటికప్పుడే తొలగించాను. అనుభవం ఉన్న చేతిలో కనిపించే తేడాకు, పట్టు తప్పిన చేతిలో కనిపించే తేడాకు గ్రాఫు మీద పోలిక ఉండవచ్చు. మొదటిది మాత్రం ఎదుట ఉన్నదానికి ఇచ్చే స్పందన, కాగితం, తడి, వెలుతురు, అప్పటికే పడిన గీత, వీటిలో ఏదో ఒకదానికి. కారణం లేని తేడాను కలిపితే వణుకే వస్తుంది.

మూడో ప్రయత్నం: బలాన్ని కొలవడం

ఎత్తును బట్టి కాకుండా ఒత్తిడిని బట్టి చేతిని నడిపితే కుంచె స్థితిలోని తేడాలు వాటంతటవే సర్దుకుంటాయన్నది తర్వాతి ఆలోచన. మణికట్టు దగ్గర ఆరు దిశల బలాన్ని కొలిచే సెన్సర్ బిగించాను. తర్కం సరైనదే, కొలతల దగ్గరే బెడిసికొట్టింది. మెత్తటి కుంచె కాగితాన్ని తాకినప్పుడు కలిగే బలం న్యూటనులో కొద్ది వంతు మాత్రమే. కుంచె, దాన్ని పట్టి ఉంచే పట్టుకొమ్మ, బిగింపుల బరువు దానికంటే చాలా ఎక్కువ; చేయి వేగం పుంజుకున్నప్పుడల్లా ఆ బరువు సెన్సర్‌ను అటూ ఇటూ లాగుతుంది. మనం వినదలచిన గుసగుస కంటే గది లోపలి రొద పెద్దది. రొదను వడకడితే స్పందన ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే చేయి ఒకసారి ఎక్కువ ఒత్తి ఒకసారి తక్కువ ఒత్తి, కుంచె కాగితం మీద పిచ్చుక గెంతినట్టు గెంతుతుంది. మూడు వారాలు పారామీటర్లు మార్చి చూసి వదిలేశాను. ఆ తర్వాత ఒక సాయంత్రం త్రీడీ ప్రింటర్ మీద చేసిన చిన్న పట్టుకొమ్మలో మెత్తటి స్ప్రింగు పెట్టి, కుంచె పైకీ కిందికీ పదిహేను మిల్లీమీటర్లు ఆడేలా చేశాను. సెన్సర్ చేయలేని సర్దుబాటులో ముప్పావు వంతు ఆ స్ప్రింగే చేసింది. సాఫ్ట్‌వేర్‌తో సాధించాలన్న పంతం లేకపోతే ఆ మూడు వారాలూ మిగిలేవి.

నాలుగో ప్రయత్నం: కెమెరా కన్ను

జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో ఆలివర్ డోయిసెన్ బృందం తయారు చేసిన ఈ-డేవిడ్ అనే రోబో గురించి అప్పుడు లోతుగా చదివాను. అది కొన్ని గీతలు గీసి, కాన్వాసును కెమెరాతో చూసి, లక్ష్యంగా ఇచ్చిన చిత్రానికీ అప్పటిదాకా వచ్చినదానికీ తేడా లెక్కగట్టి, ఆ తేడాను తగ్గించే గీతలను తర్వాత గీస్తుంది. కుంచె ఎలా ప్రవర్తిస్తుందో ముందే పూర్తిగా తెలియకపోయినా, చూసి సరిదిద్దుకోగలదన్నది దాని బలం. మా సమస్యకు ఇదే మందు అనిపించి, బల్ల పైన కెమెరా బిగించాను.

రెండు కారణాల వల్ల మాకు అది పనికి రాలేదు. మొదటిది పదార్థానికి సంబంధించినది. పొర మీద పొర వేయగలిగే రంగులతో, ముదురు మీద లేతను వేసి తప్పును కప్పవచ్చు. పీల్చుకునే కాగితం మీద నల్ల సిరాకు వెనక్కి వెళ్లే దారి లేదు. ప్రతి సవరణా ఇంకాస్త నలుపును చేర్చడమే. సవరించిన కొద్దీ మా షీట్లు అడుగంటిన గిన్నెల్లా తయారయ్యాయి. రెండో కారణం ఇంకా లోతైనది. ఆ పద్ధతికి ముందుగా లక్ష్య చిత్రం ఇవ్వాలి. "అయితే పూర్తయిన బొమ్మ ఎలా ఉంటుందో ముందు నాకు ఇవ్వండి," అని అడిగితే, ఆవిడ నా వైపు జాలిగా చూసి, "అది తెలిస్తే గీయడం దేనికండీ?" అన్నారు.

ఆ మాటను మొదట్లో కళాకారుల ధోరణి అని కొట్టిపారేశాను. నిజానికి అది ఇంజనీరు భాషలో చెప్పదగిన కచ్చితమైన సమాచారం: ఈ వ్యవస్థలో లక్ష్యం బయట ఉండదు, పని జరుగుతుండగా ఏర్పడుతుంది. అలాంటప్పుడు తేడాను లెక్కగట్టి తగ్గించే ఏ కంట్రోలర్‌కైనా తగ్గించడానికి తేడా ఎక్కడిది?

మలుపు

పని ఆపేద్దామా అన్న మాట ఇద్దరి మధ్యా ఒకసారి వచ్చింది. అప్పుడు ఆవిడ తన చేయి బాగున్న రోజుల్లో స్నేహితులెవరో తీసిన వీడియో ఒకటి తెచ్చి ఇచ్చారు. నలభై నిమిషాల నిడివి, కత్తిరింపులు లేవు. అప్పటికి ఐదు నెలలుగా గీతలను మిల్లీసెకన్ల లెక్కన కొలిచినవాణ్ణి, ఆ వీడియోను మొదటిసారి చూస్తున్నప్పుడు గీతల మధ్య భాగాన్ని వేగంగా ముందుకు జరుపుతూ చూశాను. రెండుసార్లు అలాగే చూశాక, నేను దాటేస్తున్న భాగమే ఎక్కువ ఉందని తట్టింది. స్టాప్‌వాచ్ పెట్టి మళ్లీ చూశాను. నలభై నిమిషాల్లో కుంచె కాగితాన్ని తాకి ఉన్న సమయం తొమ్మిది నిమిషాలు.

మిగిలిన ముప్పై ఒక్క నిమిషాల్లో జరిగినవి ఇవీ: కుంచెను సిరాలో ముంచడం, గిన్నె అంచుకు ఒక పక్క ఒత్తి కొంత సిరాను దించడం, వేళ్ల మధ్య తిప్పి మొనను కూడదీయడం, పక్కనున్న చిత్తు కాగితం మీద ఒకసారి తాకించి చూడడం, ఆ మచ్చ నచ్చకపోతే మళ్లీ గిన్నె దగ్గరికి వెళ్లడం. షీటు మీద చేయి ఆనీ ఆనకుండా నిలపడం, నిలిపి వెనక్కి తీసుకోవడం, లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడడం. ఒక చోట అయితే గీయబోయి ఆగి, రెండు నిమిషాలకు పైగా కదలకుండా కూర్చుని, పూర్తిగా వేరే మూల చిన్న చుక్క పెట్టారు. మా నమోదు విధానంలో వీటిలో ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే కుంచె కాగితానికి దగ్గరగా వచ్చినప్పుడు మాత్రమే రికార్డింగ్ మొదలయ్యేలా నేనే ప్రోగ్రామ్ రాశాను. ఫైలు చిన్నదవుతుందని.

మా చేయి ఎనిమిది గీతలకు ఒకసారి, ఒకే లోతుకు, ఒకే రెండు సెకన్ల పాటు కుంచెను ముంచుతూ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది జాకే-ద్రో బొమ్మ. ఆ చిన్న చిత్రకారుడు గీస్తూ గీస్తూ మధ్యలో ఆగి, కాగితం మీద పడిన పెన్సిల్ పొడిని ఊదుతాడు. లోపల అందుకోసం చిన్న కొలిమి తిత్తి ఉంది. చూసేవాళ్లను అబ్బురపరచడానికి పెట్టిన హంగు అని చదివినప్పుడు అనుకున్నాను. హంగే కావచ్చు, కానీ దాన్ని చేసినవాళ్లు బొమ్మ వేసే మనిషిని ఎదురుగా కూర్చుని చూశారని మాత్రం చెప్పగలను.

పనిచేసింది

ఆ తర్వాత ప్రశ్న మారింది. ఆవిడ చేతిని ఎలా అనుకరించాలన్న దాని బదులు, ఆవిడ చేస్తున్న పనుల్లో చేతితో అవసరం ఉన్నవి ఏవి, కన్నుతోనూ మనసుతోనూ జరిగేవి ఏవి అని విడదీయడం మొదలుపెట్టాను. రెండో రకం పనులకు ఆవిడకు ఏ అడ్డంకీ లేదు. వాటిని ఆవిడ దగ్గర్నుంచి లాక్కుని యంత్రానికి అప్పగించడానికి ఇంతకాలం ప్రయత్నించింది నేనే.

మొత్తం బొమ్మను తిరిగి గీయించే ఆలోచనను వదిలేసి, నమోదు చేసిన వాటిలోంచి అరవై దాకా పొట్టి గీతలను విడివిడిగా తీసి పెట్టుకున్నాం. ఆవిడ ఎడమ చేతిలో టాబ్లెట్ పెన్ను పట్టుకుని, గీత ఎక్కడ మొదలై ఏ వైపు పోవాలో, ఏ రకం కావాలో చూపిస్తారు. ఈ పనికి సన్నటి పట్టు అక్కర్లేదు. కాలి కింద కుట్టుమిషన్ పెడల్ లాంటిది ఒకటి ఉంటుంది. గీత పడుతున్నంతసేపూ దాన్ని నొక్కితే కుంచె కిందికి ఒరుగుతుంది, వదిలితే లేస్తుంది, పూర్తిగా వదిలేస్తే గీత అక్కడికక్కడే ముగుస్తుంది. మార్గం పాతది, ఒత్తిడి మాత్రం ఈ క్షణానిది. స్ప్రింగు పట్టుకొమ్మ ఉండడం వల్ల పెడల్ మరీ కచ్చితంగా లేకపోయినా కుంచె క్షమిస్తుంది.

పెడల్ విషయంలో ఒక చిన్న సంగతి చెప్పాలి. మొదటి రోజు ఆవిడ, "తాడు కట్టి ఎవరినో లాగుతున్నట్టుంది," అన్నారు. కొలిచి చూస్తే కాలు కదిలాక కుంచె కదలడానికి మధ్య 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంది. పెడల్ సిగ్నల్‌ను నేను అలవాటు కొద్దీ నునుపు చేస్తున్నాను. ఆ ఫిల్టర్‌ను దాదాపు తీసేసి, లెక్కను నేరుగా చేతి కంట్రోలర్ పక్కకు మార్చాక ఆలస్యం 40 మిల్లీసెకన్లకు దిగింది. ఆ రోజు మొదటిసారి ఆవిడ యంత్రం గురించి ఏమీ అనలేదు, బొమ్మ గురించే మాట్లాడారు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసి వచ్చింది ఆగడం గురించి. ప్రతి గీత తర్వాత చేయి కుంచెను గిన్నె దగ్గరికో, చిత్తు కాగితం దగ్గరికో తీసుకెళ్లి, ఆవిడ చెప్పినట్టు అంచుకు ఒత్తి, ఒక మచ్చ పెట్టి చూపించి, అక్కడే నిలబడుతుంది. మొదటి రూపంలో ఇరవై సెకన్ల గడువు పెట్టాను, ఆ తర్వాత చేయి కుంచెను మళ్లీ ముంచడానికి వెళ్లిపోయేది. సిరా కారుతుందనీ, మొన ఎండుతుందనీ నా భయం. పారిశ్రామిక చేయి ఊరికే నిలబడి ఉంటే నాకు కాళ్లూ చేతులూ ఆడకపోవడం కూడా ఒక కారణమని ఒప్పుకోవాలి. మా లెక్కల్లో నిలబడిన ప్రతి సెకనూ నష్టమే. ఆవిడకు మాత్రం ఆ గడువు వెనక ఎవరో నిలబడి గొంతు సవరించుకుంటున్నట్టు అనిపించింది. గడువు తీసేశాం. కారే సిరా కోసం ఎదురుచూసే చోటు కింద చిన్న పళ్లెం పెట్టాం. మొన ఎండితే ఎండనివ్వమన్నారు. ఎండిన మొనతో వచ్చే చీలిక గీతలు మూడు షీట్లలో కావాలనే వాడుకున్నారు.

భద్రత గురించి క్లుప్తంగా. మనిషి పక్కనే ఉండి చేతికి పని నేర్పే మోడ్‌లో దాని కొన సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదని పారిశ్రామిక రోబోల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 10218 ప్రమాణం చెబుతుంది. గీతలు నడిచేటప్పుడు ఆవిడ బల్లకు ఎదురుగా, లేజర్ స్కానర్ గీసిన హద్దుకు బయట కూర్చుంటారు. హద్దు దాటి ముందుకు వంగితే చేయి ఆగిపోతుంది. గీత మధ్యలో వంగి చూసే అలవాటు ఆవిడకు ఉండడంతో మొదటి వారంలో చాలా గీతలు సగంలో తెగిపోయాయి. హద్దును మార్చే ప్రశ్నే లేదు కాబట్టి కుర్చీని కాస్త ఎత్తు చేశాం.

ఫలితం

పన్నెండు షీట్లలో తొమ్మిదిని ఆవిడ ఉంచుకున్నారు, మూడింటిని చింపేశారు. చేయి బాగున్నప్పుడు కూడా దాదాపు ఇదే లెక్కలో చింపేదాన్నని చెప్పారు. వేగం సంగతి అడిగితే, ఒకప్పుడు ఒక పూటలో అయ్యే షీటుకు ఇప్పుడు రెండు రోజులు పడుతోంది. సమయం ఆదా కోసం ఎవరైనా ఇలాంటి ఏర్పాటును అడిగితే వద్దనే చెబుతాను.

వాటిని ప్రదర్శనకు పెట్టినప్పుడు నిర్వాహకులు 'రోబో గీసిన చిత్రాలు' అని పేరు పెడదామన్నారు. జనం వస్తారన్నది వాళ్ల లెక్క. ఆవిడ ఒప్పుకోలేదు. నన్ను అడిగితే ఆవిడ పక్షమే నాది. కోహెన్ విషయంలో ఏ గీత ఎక్కడ పడాలో ప్రోగ్రామే తేల్చేది, తొలి రోజుల్లో ఆ గీతలకు రంగులు మాత్రం ఆయనే చేత్తో వేసేవాడు. అక్కడ కర్త ఎవరన్న ప్రశ్నకు అర్థం ఉంది, దాని మీద ఆయనే దశాబ్దాల పాటు ఆలోచించాడు. మా చేయి ఏదీ తేల్చలేదు. అది మంచి కుంచె కాడ, కాస్త ఖరీదైనది.

తర్వాత నా పనిలో మారినవి

కళాకారులతో చేసిన తర్వాతి రెండు పనుల్లో, మొదటి వారం ఏ సెన్సరూ బిగించకుండా కూర్చుని చూశాను. పని అంటే కదలిక అనుకునే అలవాటు మాలాంటి వాళ్లలో ఎంత గట్టిదంటే, కెమెరా పెట్టగానే కదిలేదాని మీదకే చూపు పోతుంది. రికార్డింగ్‌ను ఇప్పుడు మధ్యలో ఆపను, ఫైలు ఎంత పెద్దదైనా సరే. లక్ష్యాన్ని నా భాషలోకి మార్చి రాసుకున్నాక, దాన్ని అడిగినవారికి చదివి వినిపించి, ఏం పోయిందో చెప్పమంటాను; 'పని' బదులు 'మార్గం' అని రాసిన ఆ పేజీని ఆ రోజే చదివి వినిపించి ఉంటే ఆవిడ అప్పుడే పట్టుకునేవారని నా నమ్మకం. 'గీసినట్టు లేదు' వంటి మాటలను అభిప్రాయాలుగా కాక కొలతలుగా తీసుకుంటున్నాను. ఆ మాట మొదటి రోజు నుంచి కచ్చితంగానే ఉంది, దాన్ని దేనితో పోల్చి చదవాలో నాకే తెలియలేదు. 1966లో న్యూయార్క్‌లో జరిగిన '9 ఈవెనింగ్స్' అనే కళా ప్రదర్శనల కోసం బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థ ఇంజనీరు బిల్లీ క్లూవర్ పదిమంది కళాకారులతో ముప్పైమంది ఇంజనీర్లను కలిపాడు. ఒక్కొక్కరికి ముగ్గురు ఎందుకో ఒకప్పుడు అర్థమయ్యేది కాదు.

పరిష్కారం కానిది ఒకటి మిగిలింది. ఆవిడ బొమ్మల్లో అక్కడక్కడ, తడి ఆరిన కుంచెను ఒక్క విసురుతో లాగిన వెడల్పాటి గీతలు ఉంటాయి. వాటి మధ్యలో కాగితం తెలుపు చారలుగా కనిపిస్తుంది. ఆ విసురుకు సెకనుకు మీటరుకు పైగా వేగం కావాలి. చేయి ఆ వేగాన్ని అందుకునేలోపే గీత అయిపోతుంది, వేగం పుంజుకోవడానికి ముందు నుంచి పరుగు పెట్టిస్తే స్ప్రింగు ఊగి మొన చెదురుతుంది. ఆ గీతలను ఆవిడ తన చేత్తోనే, రోజులో తనకు దక్కే ఆ పది నిమిషాల్లో వేస్తున్నారు. అందుకోసం చేతిని పక్కకు మడిచి, కరెంటు ఆపి, ఆవిడ బల్ల దగ్గరికి వస్తారు.

ప్రతి షీటుకు చేయి రాసుకున్న లాగ్ నా దగ్గర ఉంది: గీత మొదలైన సమయం, ముగిసిన సమయం, నడుమ ఎదురుచూపు. ఏడో షీటు లాగ్ చివర పదకొండు నిమిషాల ఎదురుచూపు ఉంది, అన్నిటిలోకీ పొడవైనది అదే. కుంచె సిరాతో నిండి, పళ్లెం మీద నిలబడి ఉంది. దాని తర్వాతి వరుసలో పవర్ ఆఫ్ అని ఉంది. ఆ షీటు మీద మళ్లీ గీత పడలేదు, చింపిన మూడింటిలో అది లేదు.